సర్వర్‌లో పెట్టే ఫైలుకు తెలుగు పేరు వద్దు

వెబ్ సర్వర్‌లోకి పీడీఎఫ్ ఎక్కించేటప్పుడు ఫైలు పేరు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో పెట్టండి, ఖాళీ బదులు హైఫన్ వాడండి. తెలుగు పేరూ పనిచేస్తుంది గానీ, లింకు కాపీ చేస్తే చాలాసార్లు శాతం గుర్తులతో చాంతాడంత అవుతుంది. యూటీఎఫ్-8లో (కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ 3 బైట్లు. లింకులో ఒక్కో బైటు % గుర్తుతో కలిపి 3 గుర్తులవుతుంది, అంటే అవి 9 గుర్తులు. ‘నివేదిక’ ఒక్కటే 63! వాట్సాప్‌లో పంపితే వైరస్ అనుకుంటారు. (పేజీలో కనిపించే పేరు తెలుగులోనే రాసుకోండి, ఎవరొద్దన్నారు?)

పత్రం మారితే ‘ఫైనల్-2’ అని ఇంకోటి పెట్టకుండా, పాతదాన్ని వేరే ఫోల్డర్‌లో దాచి అదే పేరుతో కొత్తది ఎక్కించండి. ఇదివరకు పంచిన లింకులన్నీ అలాగే పనిచేస్తాయి. పేరు మార్చక తప్పకపోతే పాత లింకు నుంచి 301 రీడైరెక్ట్ (పాత లింకు నొక్కినవాళ్లను శాశ్వతంగా కొత్తదానికి మళ్లించే ఏర్పాటు) పెట్టండి.