విద్యుత్ హాయిస్టుతో బరువైన సామగ్రిని పై అంతస్తులకు చేర్చడం ఎలా?

విద్యుత్ హాయిస్టు బటన్ నొక్కడం ఎవరైనా నిమిషంలో నేర్చుకుంటారు. అందుకే నిర్మాణ స్థలాల్లో చేతికి దొరికినవారల్లా దాన్ని నడుపుతుంటారు. ఈ పనిలో అసలు నైపుణ్యమంతా బటన్ నొక్కక ముందే అవసరమవుతుంది. బరువు లెక్క, యంత్రాన్ని నిలిపిన తీరు, తాడు పరిస్థితి, సరుకు కట్టిన పద్ధతి: వీటిలో ఏది తప్పినా ఎంత మంచి మోటారు ఉన్నా లాభం లేదు. ఇక్కడ చెప్పేదంతా పరంజాకో స్లాబు అంచునో బిగించే ఉక్కుతాడు హాయిస్టు గురించి. ఇది సామగ్రికి మాత్రమే. దీని మీద మనిషి ఎక్కకూడదు.

బరువు లెక్కతో మొదలుపెట్టండి

యంత్రానికి అంటించిన బిళ్ళ మీద గరిష్ఠ బరువు రాసి ఉంటుంది. చిన్న హాయిస్టులకు తరచూ 200/400 కిలోలు అన్నట్టు రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది తాడు ఒంటిపేటగా వేలాడినప్పటి సామర్థ్యం. రెండోది కప్పీ తగిలించి తాడును రెండు పేటలు చేసినప్పటిది. అప్పుడు వేగమూ, అందే ఎత్తూ సగమవుతాయి. కప్పీ లేకుండా పెద్ద అంకెను నమ్ముకుని ఎత్తడం చాలా ప్రమాదకరం.

సరుకు బరువును కంటితో అంచనా వేయవద్దు. ఇనుప చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, వర్గం చేసి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.89 కిలోలు. అంటే 12 మీటర్ల పొడవున్న చువ్వ దాదాపు 10.7 కిలోలు తూగుతుంది. అలాంటివి 20 కట్టగడితే 200 కిలోలు దాటిపోయినట్టే. తడి కాంక్రీటు లీటరుకు సుమారు 2.4 కిలోలు. బకెట్టు, స్లింగుల (సరుకును కొక్కేనికి తగిలించే కట్టుతాళ్ల) బరువు కూడా కలపడం మరవకండి.

యంత్రాన్ని నిలపడం

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వాల్సింది ఇక్కడే. యంత్రాన్ని మోసే చేయి బయటికి పొడుచుకుని ఉంటుంది కాబట్టి, లోపలి వైపు ఎదురు బరువు కావాలి. సరుకు, యంత్రం కలిపి 240 కిలోలు ఆధారానికి 1 మీటరు బయట వేలాడుతున్నాయనుకుందాం. 2 మీటర్లు లోపల 120 కిలోలు పెడితే అది సరితూగడం మాత్రమే. కాస్త కుదుపు వస్తే చేయి లేచిపోతుంది. నాలుగు రెట్లు, అంటే 480 కిలోలు ఉంటే ధైర్యంగా పని చేయవచ్చు. తయారీదారు పుస్తకంలో ఇంకా ఎక్కువ అడిగితే దాన్నే పాటించండి.

ఎదురు బరువుగా ఇసుక బస్తాలు, నీటి డ్రమ్ములు వద్దు. అవి చిరిగినా కారినా బరువు తెలియకుండానే తగ్గుతుంది. గట్టి దిమ్మెలు వాడి, వాటిని యంత్రాన్ని మోసే చేతికే బోల్టులతో బిగించండి. వదులుగా వదిలేస్తే ఎవరో ఒక దిమ్మెను మరో పనికి పట్టుకుపోతారు, అది నడిపేవారికి తెలియదు. పరంజాకు తగిలించేటట్లయితే అది ఆ బరువు మోయగలదో లేదో ఇంజనీరు చూసి చెప్పాలి, దాన్ని భవనానికి కట్టి ఉంచాలి.

తాడు, కొక్కెం, కరెంటు

ప్రతి ఉదయం చేతి తొడుగులు వేసుకుని, తాడు పొడవునా గుడ్డ పట్టి నెమ్మదిగా లాగండి. తెగిన తీగ ఉన్నచోట గుడ్డ తగులుకుంటుంది. ఉక్కుతాడును మెలితిప్పి అల్లిన తీగల కట్టల్లో ఒక్కోదాన్ని కూడా పేట అంటారు. అలాంటి ఒక పేట పూర్తిగా ఒక చుట్టు తిరిగే పొడవులో ఆరు తీగలు తెగినా, అదే పొడవులో ఒకే పేటలో మూడు తెగినా తాడు మార్చాల్సిందే. మడతపడిన తాడును సాగదీసి వాడవద్దు. కొక్కెం నేలను తాకినప్పుడు కూడా యంత్రంలో తాడు చుట్టుకునే డ్రమ్ము మీద కనీసం మూడు చుట్లు మిగలాలి. కొక్కెం నోటికి అడ్డుగా ఉండే నాలుక దానంతటదే మూసుకోవాలి. పై హద్దు దగ్గర యంత్రాన్ని ఆపే స్విచ్చు పనిచేస్తోందో లేదో ఖాళీ కొక్కెంతో చూడండి.

కరెంటుకు తగినంత మందమున్న కేబులు, ఎర్తింగు, లీకేజీ వస్తే ఆపేసే పరికరం తప్పనిసరి. సన్నని పొడవాటి వైరు వాడితే వోల్టేజీ పడిపోయి మోటారు కాలిపోవచ్చు.

కట్టడం, ఎత్తడం

రెండు కాళ్ల స్లింగుతో 1,000 కిలోలు ఎత్తుతున్నప్పుడు కాళ్లు దాదాపు నిలువుగా ఉంటే ఒక్కోదానిపై 500 కిలోల లాగుడు పడుతుంది. అవే కాళ్లు అడ్డంగా విచ్చుకుని నేలతో 30 డిగ్రీల కోణానికి వస్తే ఒక్కోదానిపై 1,000 కిలోలు పడుతుంది. కాబట్టి పొడవైన స్లింగు తీసుకుని కోణం 60 డిగ్రీలకు తగ్గకుండా చూసుకోండి. చువ్వల కట్టకు రెండు చోట్ల స్లింగును చుట్టు తిప్పి బిగించాలి. చువ్వలను కట్టిన సన్నని తీగను పట్టుకుని ఎత్తకూడదు. ఇటుకల వంటి విడి సరుకును అంచులున్న పెట్టెలోనే పంపాలి.

కింద సరుకు పడే అవకాశమున్న చోటంతా తాడు కట్టి, మనుషులను దూరంగా ఉంచండి. కొక్కెం సరుకుకు సరిగ్గా పైన ఉండాలి. పక్కకు లాగితే తాడు డ్రమ్ము మీద అడ్డదిడ్డంగా చుట్టుకుంటుంది. ముందు 15 సెంటీమీటర్లు లేపి ఆగండి. బ్రేకు జారుతోందా, కట్టు ఒరుగుతోందా, వెనక దిమ్మెలు కదిలాయా? అన్నీ బాగుంటేనే ముందుకు సాగండి. సైగలు ఒక్కరే చేయాలి, కానీ ఆపమని ఎవరు అరిచినా వెంటనే ఆపాలి. గాలి వీస్తుంటే సరుకు తిరగకుండా కింది నుంచి తాడుతో పట్టి ఉంచండి. బలంగా ఉంటే పని ఆపేయండి.

పైన అందుకునేవారు అంచు దాటి వంగకుండా కొక్కెపు కర్రతో సరుకును లోపలికి లాక్కోవాలి. వారి నడుముకు భద్రతా బెల్టు కాదు, ఒంటికంతటికీ పట్టే పట్టీల కవచం ఉండాలి. దాన్ని గట్టి ఆధారానికి తగిలించాలి కానీ హాయిస్టు చేతికి కాదు. సరుకు నేలమీద కుదురుగా కూర్చున్నాకే తాడు వదులు చేయండి. వేలాడే సరుకును వదిలేసి నడిపేవారు కదలకూడదు. పని ముగిశాక కొక్కెం పైకి లేపి, ప్లగ్గు తీసి, రిమోటును తాళం వేసిన పెట్టెలో పెట్టండి.