ఇంటి ముందు వాన తోట – 3వ పాఠం: నేలను అడిగి తవ్వడం

పోయిన పాఠంలో టేపు పట్టుకుని స్లాబు కొలిచాం, ఏ పైపు నుంచి ఎంత నీరు దిగుతుందో లెక్క వేసుకున్నాం. ఈసారి ఆ నీళ్ళు నిలిచే చోటు సంగతి. గడ్డపార చేతికి తీసుకునే పాఠమే ఇది. అయితే మొదటి రెండు రోజులు దానితో తవ్వేది ఒక్క చిన్న గుంతే. తోట ఎంత లోతు ఉండాలో, ఎంత వెడల్పు ఉండాలో ఆ గుంతే చెబుతుంది. మిగతా పనులు కాస్త అటూ ఇటూ అయినా తరవాత సర్దుకోవచ్చు. ఈ పరీక్షను మాత్రం దయచేసి వదలకండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం మళ్ళీ రెండు మాటలు. వాన తోట కుంట కాదు, ఇంకుడు గుంతా కాదు. చుట్టూ ఉన్న నేలకన్నా అరడుగు పల్లంగా ఉండే పూల మడి. స్లాబు మీద పడిన వాన పైపులోంచి ఆ మడిలోకి వచ్చి, కాసేపు నిలిచి, ఒక రోజు లోపల భూమిలోకి దిగిపోతుంది. ఇంకుడు గుంత మనకు బాగా తెలిసిందే. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నీరు-మీరు కార్యక్రమం పెట్టినప్పుడు ఊరూరా తవ్వారు. అందులో రాళ్ళు, కంకర, ఇసుక పొరలు పొరలుగా పోస్తాం. నీళ్ళతో వచ్చే దుమ్ము ఆ సందుల్లో పేరుకుని కొన్నేళ్ళకు గుంత మూసుకుపోతుంది, అప్పుడు అంతా తీసి శుభ్రం చేసి మళ్ళీ నింపాలి. వాన తోటలో ఆ పని మొక్కల వేళ్ళు, వానపాములు చూసుకుంటాయి. అవి మట్టిని ఎప్పటికప్పుడు గుల్ల చేస్తూనే ఉంటాయి.

ఇళ్ళ ముందు ఇలాంటి మడులు కట్టడం 1990లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం, ప్రిన్స్ జార్జెస్ కౌంటీలో మొదలైంది. కానీ చెరువులు చూసి పెరిగినవాళ్ళకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. చెరువుకు కట్ట, అలుగు, తూము ఉంటాయి కదా. మన మడికీ చిన్న కట్ట ఉంటుంది, నిండితే పొర్లడానికి అలుగు ఉంటుంది. తూము మాత్రం అడుగున ఉన్న నేలే. ఆ తూము ఎంత పెద్దదో తెలుసుకోవడమే ఈ పాఠంలో అసలు పని.

ముందుగా చోటు

పోయినసారి లెక్కలో 900 చదరపు అడుగుల స్లాబు తీసుకున్నాం. రెండు పైపులు, అంటే ఒక్కో పైపుకు 450 చదరపు అడుగులు. ఒక అంగుళం వాన పడితే ఒక పైపు నుంచి దాదాపు వెయ్యి లీటర్లు దిగుతాయి. ఈ పాఠంలోనూ అదే లెక్కతో నడుద్దాం. మడి కొలత పది అడుగుల పొడవు, అయిదు అడుగుల వెడల్పు.

ఇంటి పునాదికి కనీసం పది అడుగుల దూరం ఉండాలి. సెప్టిక్ ట్యాంకుకు, తాగునీటి సంపుకు కూడా అంతే. సంపు గోడలో కంటికి కనపడని పగులు ఉన్నా, పక్కన ఇంకే నీళ్ళు లోపలికి దారి చూసుకుంటాయి. ప్రహరీ గోడ పునాది లోతు తక్కువ కాబట్టి దానికీ మూడడుగులు వదలండి, అటువైపు పక్కింటివాళ్ళ గోడ అయితే ఇంకాస్త ఎక్కువే వదలండి. కరెంటు తీగ, నల్లా పైపు ఎటు వెళ్తున్నాయో ఇల్లు కట్టిన మేస్త్రీని అడిగి తెలుసుకోండి. పెద్ద చెట్టు కింద తవ్వకండి, వేళ్ళు తెగితే చెట్టు దెబ్బతింటుంది.

200 గజాల స్థలంలో పది అడుగులు వదిలితే ఇంకేం మిగులుతుందని అనిపిస్తుంది. గేటు పక్కన, పార్కింగ్ చివర, వెనక మూల చూడండి. నిజంగా చోటు దొరకకపోతే గోడకు ఆనించి తవ్వేయకండి. నీళ్ళను డ్రమ్ముల్లో పట్టుకోవడం మేలు, దానికి విడిగా ఒక పాఠం ఉంది.

గుంత పరీక్ష

మడి రావలసిన చోట, సరిగ్గా మధ్యలో, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంత తవ్వండి. మడి అడుగుభాగం అరడుగు కిందికి వస్తుంది కాబట్టి ఆ కింద ఉన్న నేల స్వభావం మనకు కావాలి. పై మట్టిని పరీక్షించి లాభం లేదు.

పార తగిలిన చోట బంకమట్టి నున్నగా అద్దంలా మెరుస్తుంది. నీళ్ళు అందులోంచి పోవు. పెద్ద మేకుతో గుంత గోడల్ని, అడుగును గీకి గరుకు చేయండి. రాలిన మట్టి తీసేయండి.

ఇప్పుడు గుంత నింపండి. ఇంకిపోనివ్వండి. మళ్ళీ నింపండి. ఈ రోజంతా ఇదే పని, కొలతలు వద్దు. నేలకు దాహం తీరాలి. రేపు పొద్దున మళ్ళీ నింపి, ఒక స్కేలు నిలబెట్టి, గంట గంటకూ నీటి మట్టం ఎంత దిగిందో నోటుబుక్కులో రాయండి. నాలుగైదు గంటలు చూడండి. చివరి రెండు గంటల కొలతే లెక్కలోకి తీసుకోండి.

ఒక రోజంతా తడపమని ఎందుకంటున్నానో చెప్పాలి. నా మొదటి తోటకు నేను మే నెలలో పరీక్ష చేశాను, అదీ ఒక్కసారే. ఎండిన నేల గుంతెడు నీళ్ళను ఇరవై నిమిషాల్లో తాగేసింది. ఆ సంబరంలో అడుగు లోతు మడి తవ్వేశాను. జులైలో నాలుగు రోజులు వరసగా ముసురు పట్టింది. నీళ్ళు అలాగే నిలిచాయి. అయిదో రోజుకు మొక్కల ఆకులు పసుపెక్కాయి. పక్కింటి ఆంటీ గోడ మీదుగా చూసి, "ఏమ్మా, దోమలు పడతాయేమో, చిన్నపిల్లలున్న ఇల్లు మాది" అన్నారు. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాన తెరిపిచ్చాక సగం మట్టి మళ్ళీ నింపి, లోతు తగ్గించి, మడిని పొడవు చేశాను. మరుసటి ఏడాది ఒక్క రోజు మించి నీళ్ళు నిలవలేదు.

మన వేడికి దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చి ఎగిరేదాకా వారం పైగా పడుతుంది. ఒక రోజులో ఇంకిపోయే మడిలో దోమ పెరగలేదు. అయినా ఆ ఒక రోజు గడువు దోమల కోసమే కాదు, వేళ్ళ కోసం కూడా. వేళ్ళకూ గాలి కావాలి.

కొలతను లోతుగా మార్చడం

లెక్క చాలా తేలిక. గంటకు దిగిన అంగుళాలను 24తో గుణించండి. ఒక రోజులో నేల తాగే లోతు వస్తుంది. అందులో సగమే మడి లోతుగా పెట్టుకోండి. సగం ఎందుకంటే, చిన్న గుంతలో నీళ్ళు నాలుగు పక్కల గోడల్లోంచి కూడా పోతాయి. పెద్ద మడిలో దారి ప్రధానంగా కిందికే.

గంటకు అర అంగుళం దిగింది అనుకోండి. రోజుకు 12 అంగుళాలు, అందులో సగం 6. అరడుగు లోతు మడి హాయిగా నడుస్తుంది. పావు అంగుళమే దిగితే మూడు అంగుళాలకు మించి వద్దు. అప్పుడు నీళ్ళకు చోటు కావాలంటే వెడల్పు పెంచుకోవాలి. గంటకు అంగుళం, అంతకన్నా ఎక్కువ దిగితే మీ నేల బంగారం. లెక్క ప్రకారం అడుగు లోతు కూడా పెట్టొచ్చు, కానీ ఎనిమిది అంగుళాలు దాటకండి. పిల్లలు, ముసలివాళ్ళు తిరిగే ముంగిట్లో అంతకన్నా లోతు మంచిది కాదు.

మన 10 బై 5 అడుగుల మడి 6 అంగుళాల లోతుంటే దాదాపు 700 లీటర్లు పడతాయి. గంటకు అంగుళం తాగే నేలైతే గంటకు మరో 120 లీటర్లు కిందికి దిగుతుంటాయి. అంగుళం వాన మూడు గంటల పాటు నిదానంగా పడితే పైపు నుంచి వచ్చిన వెయ్యి లీటర్లూ మడిలోనే ఇమిడిపోతాయి. అదే వాన అరగంటలో దంచి కొడితే కొంత అలుగు మీదుగా పోతుంది. పోనివ్వండి. ప్రతి చుక్కనూ ఆపాలని లోతు పెంచితే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

మీ నేల ఏది?

హైదరాబాద్ చుట్టుపక్కల చాలా చోట్ల పైన ఎర్రమట్టి, కింద మొరం. ఇది మామూలుగా బాగానే తాగుతుంది. కానీ కొత్త కాలనీల్లో ఇంటి చుట్టూ ఉన్నది అసలు నేల కాదు. ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, జేసీబీ తొక్కిన మట్టి. గుంత పరీక్షలో అస్సలు దిగకపోతే ముందు దీన్నే అనుమానించండి. గడ్డపారతో మరో అడుగు కిందికి పొడిచి వదులు చేసి, పక్కన ఇంకో గుంతలో పరీక్ష మళ్ళీ చేయండి.

నల్లరేగడి దగ్గర జాగ్రత్త చాలా కావాలి. గుంటూరు, ఆదిలాబాద్ వైపు వాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. ఎండాకాలం నెర్రెలిచ్చిన రేగడిలో గుంత తవ్వి నీళ్ళు పోస్తే నెర్రెల్లోంచి జారిపోతాయి, నేల భలే తాగుతోందని మోసపోతాం. తడిస్తే అదే మట్టి ఉబ్బి నెర్రెలు పూడుకుపోతాయి. ఇక చుక్క దిగదు. అందుకే రేగడిలో రెండు రోజులు తడిపాకే కొలవండి. ఇంకో సంగతి, రేగడి ఉబ్బడం, కుంచించుకోవడం పునాదుల్ని కదిలిస్తుంది. ఈ నేలలో పది అడుగులు చాలవు, ఇంటికి వీలైనంత దూరంగా ఉండండి.

కోనసీమ లాంటి చోట వానాకాలంలో రెండు మూడు అడుగులకే నీరు తగులుతుంది. గుంతలో నీళ్ళు పోయకుండానే ఊరితే అక్కడ వాన తోట వద్దు. నిండిన కుండలో ఇంకో చెంబు పోసినట్టే.

తవ్వకం

నేల ముద్దగా తడిసి ఉన్నప్పుడు తవ్వకండి. తొలకరి పడి, నాలుగు రోజులు ఆరాక పని సుఖంగా సాగుతుంది.

మడి హద్దు సున్నంతో గీసుకోండి. మడి అడుగుభాగం గిన్నెలా గుండ్రంగా కాకుండా పళ్ళెంలా సమంగా ఉండాలి. గిన్నెలా ఉంటే నీళ్ళన్నీ మధ్యకు చేరి అక్కడే నిలుస్తాయి, అంచుల దగ్గర మొక్కలు ఎండుతాయి. సమం చూడడానికి మేస్త్రీలు వాడే వాటర్ లెవెల్ ట్యూబు చాలు. కూలీని పెట్టుకుంటే ఒక మాట ముందే గట్టిగా చెప్పండి: మడి అడుగుభాగాన్ని తొక్కొద్దు, దిమ్మిస కొట్టొద్దు. పునాది పని చేసే చేతులకు అది అలవాటు. ఇక్కడ మాత్రం అది తూమును మూసేయడమే. మీరు కూడా ఒక పలక వేసుకుని దాని మీద నిలబడండి.

తవ్విన మట్టిని పల్లం వైపు కట్టగా పోయండి. అడుగున రెండడుగులు, పైన ఒక అడుగు వెడల్పు. దీన్ని మాత్రం బాగా తొక్కి గట్టి చేయాలి. కట్టలో ఒక చోట అడుగు వెడల్పున అలుగు వదలండి. అలుగు ఎత్తే మీ మడి లోతు. పరీక్షలో 6 అంగుళాలు వస్తే అడుగు నుంచి అలుగు అంచు దాకా సరిగ్గా 6 ఉండాలి, కట్ట పైభాగం దానికన్నా రెండు మూడు అంగుళాలు ఎత్తుగా ఉండాలి. అలుగు మీద రాళ్ళు పరచండి, లేకపోతే మొదటి పెద్ద వానకే కోసుకుపోతుంది. పొర్లిన నీరు వీధి కాలువ వైపు పోవాలి. పక్కింటి గేటు ముందుకు పోతే మంచి పని కాస్తా తగువవుతుంది.

పైపు నీళ్ళు పడే చోట గుప్పెడంత సైజు రాళ్ళు రెండు వరసలు పేర్చండి. దూకే నీటి వేగం అక్కడే చావాలి.

మట్టి మార్చాలా?

ఎర్రమట్టి బాగా తాగుతుంటే మార్చక్కర్లేదు. అడుగున ఉన్న మట్టిని వదులు చేసి, బాగా చివికిన పశువుల ఎరువు రెండు అంగుళాల మందాన వేసి కలపండి. అంతే. పచ్చి ఎరువు వేయకండి.

బంకగా ఉంటే మరో అడుగు లోతు మట్టి తీసి, అయిదు పాళ్ళు దొడ్డు ఇసుక, మూడు పాళ్ళు ఎర్రమట్టి, రెండు పాళ్ళు చివికిన ఎరువు కలిపి నింపండి. కలిపిన మట్టి తరవాత కుంగుతుంది కాబట్టి రెండంగుళాలు ఎక్కువే పోయండి. బంకమట్టిలో రెండు తట్టల ఇసుక కలిపి సరిపెట్టుకోవడం పనికిరాదు, అది ఎండితే ఇటుకలా బిగుస్తుంది. రోబో శాండ్‌లో సన్నటి రాతిపొడి ఉంటుంది, కడగకుండా వాడితే అదే అడ్డుపడుతుంది. మట్టి మార్చినంత మాత్రాన లోతు పెంచుకోవచ్చని అనుకోకండి. కింది నేల తాగే వేగం మారలేదు. పరీక్షలో వచ్చిన లోతుకే కట్టుబడండి.

ఈ వారం పని

గుంత పరీక్ష కొలతలు, వచ్చిన లోతు నోటుబుక్కులో రాసి పెట్టండి. తవ్వడం పూర్తయితే బకెట్లతో మడి నింపి, నీళ్ళు ముందుగా అలుగు దగ్గరే పొర్లుతున్నాయో లేదో చూడండి. కట్ట ఇంకెక్కడైనా పొర్లితే అక్కడ ఎత్తు పెంచండి. అలుగు దాకా నిండిన నీరు పూర్తిగా ఇంకడానికి ఎన్ని గంటలు పట్టిందో కూడా రాయండి.

మొక్కలు ఇప్పుడే నాటకండి. ఒట్టి మట్టి మీద వాన చినుకు నేరుగా పడితే పై పొర చపాతీలా గట్టిపడుతుంది కాబట్టి అంతదాకా మడిని ఎండు ఆకులతోగానీ వరిగడ్డితోగానీ కప్పి ఉంచండి. వచ్చే పాఠంలో వట్టివేరు, వావిలి, అడ్డసరం, సరస్వతి ఆకు ఏది మడి మధ్యలో, ఏది అంచున నాటాలో చూద్దాం. వావిలి, సరస్వతి ఆకు నర్సరీల్లో అన్నిసార్లూ ఉండవు, ఈ వారమే అడిగి తెప్పించుకోండి.