తొమ్మిది, పది తరగతుల పిల్లకాయలతో సింథటిక్ బయాలజీ (జీవుల జీన్లు మార్చి, లేదంటే కొత్తగా చేసి, మనకు కావాల్సిన పని చేయించడం) మీద చర్చ పెట్టాలంటే

డెఫినిషన్ ముందే బోర్డు మీద రాయొద్దు, రాస్తే బట్టీ పట్టేస్తారు, అంతే సంగతులు. ఇన్సులిన్‌తో మొదలుపెట్టండి. తిరుపతిలో ఏ క్లాసులో అయినా షుగర్ ఉండే అవ్వో తాతో ఇంట్లో ఉన్నోళ్ళు దొరుకుతారు, ఫ్రిజ్ డోర్‌లో ఆ ఇంజెక్షన్ చూసే ఉంటారు. ఒకప్పుడు పందులు, ఆవుల క్లోమం నుంచి తీసేవాళ్ళు, 1982లో బ్యాక్టీరియాలో మనిషి జీన్ పెట్టి చేసింది మార్కెట్‌కి వచ్చింది అని చెప్పి, ఇది తప్పా అని అడగండి. చెయ్యి ఎత్తేవాళ్ళు తక్కువే.

తర్వాత, ఆవు లేకుండా ఈస్ట్‌తో పాల ప్రోటీన్ చేస్తున్నారు, తాగుతారా అనండి. చిత్తూరు పక్క పల్లెల్లో పాడి లేని ఇల్లు తక్కువ కదా, గోల మొదలవుతాది, "మరి మా అమ్మ మా ఆవు పాలు ఎవరికి పోయాల సార్" అని ఎవరో ఒకరు లేస్తారు, ఆపొద్దు, ఎథిక్స్ అంటే ఇదే, లాభం ఎవరికి నష్టం ఎవరికి అని.

2010లో అమెరికా సైంటిస్ట్ క్రెయిగ్ వెంటర్ టీమ్ కెమికల్స్‌తో పూర్తి జీనోమ్ (ఒక జీవిలో ఉండే మొత్తం డీఎన్‌ఏ) తయారుచేసి బ్యాక్టీరియా కణంలో పెట్టిన సంగతి అప్పుడు చెప్పండి. దేవుడి పనిలో వేలు పెట్టడమే అంటారు (కొండ కిందే ఉన్నాం, అనకుండా ఉంటారా), నవ్వొద్దు, మరి ఇన్సులిన్ సంగతేంది అని మాత్రం అడగండి.

మొదట్లో, చివర్లో పేరు లేని చీటీలు రాయించండి: ఓకే, వద్దు, ఎవరి చేతిలో ఉందో చూసి. నాకైతే మూడోదే తెలివైన జవాబు, కానీ ఆ మాట పైకి అనొద్దు, అంటే అందరూ అదే రాస్తారు.