గాలిని చూసి రోజును దిద్దుకోవడం: గోదావరి ఒడ్డున వేసవి గడిపే పద్ధతి

రాజమహేంద్రవరంలో వేసవి గడపవలసిన వారు అన్నిటికంటే ముందు నేర్చుకోవలసిన విద్య గాలిని గుర్తుపట్టడం. ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం వరకు ఈ ఊరి మీదికి రెండు గాలులు వంతులేసుకుని వస్తాయి. తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ వైపు కాలిన నేల మీదుగా వచ్చే పడమటి గాలి పొడిగా, నిప్పు కొలిమి ముందు నిలబడ్డట్టు ఉంటుంది. బంగాళాఖాతం మీది నుంచి వచ్చే సముద్రపు గాలి వేడిని కొంత తగ్గిస్తుంది గాని తేమను మోసుకొస్తుంది కాబట్టి ఉక్క మిగులుస్తుంది. మొదటిది వడగాలి, రెండోది ఉక్కపోత. ఈ రెండింటికీ ఒకే మందు వాడబోవడమే మనం ఏటా చేసే పొరపాటని నా నమ్మకం. కూలరు, తడి తెరలు, మూసిన కిటికీలు వడగాలి రోజున మనిషిని కాపాడతాయి, ఉక్కపోత రోజున అవే మనిషిని ఉడికిస్తాయి.

ఈ తేడాకు కారణం చెమట. మన శరీరం చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, కారిన చెమట ఆరిపోవడం వల్ల. పొడిగాలిలో చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది కనుక మనిషి తనకు తెలియకుండానే నీటిని, ఉప్పును కోల్పోతాడు. తేమగాలిలో చెమట ధారగా కారుతుంది గాని ఆరదు, అందువల్ల లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. భారత వాతావరణ శాఖ వడగాలిని ప్రకటించడానికి మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండాలని, తీరప్రాంతాల్లో 37 డిగ్రీలు చాలునని, ఆపై మామూలు కంటే 4.5 డిగ్రీలైనా పెరగాలని నియమం పెట్టుకుంది. సముద్రం పక్కన తక్కువ అంకె కూడా ప్రమాదకరమేనన్న ఎరుక ఆ నియమంలో ఉంది.

ఏ రోజు ఏ గాలో తెలుసుకోవడానికి యంత్రం అక్కరలేదు. తెల్లవారి లేవగానే పెదవులు పగిలినట్టుండి, రాత్రి ఆరేసిన బట్టలు పెళుసెక్కి, ఆకులు పడమటి నుంచి కదులుతుంటే అది వడగాలి రోజు. వంటింట్లో ఉప్పు చెమ్మగిల్లి, చన్నీళ్ల గ్లాసుకు బయట నీటి బొట్లు పట్టి, ఆరేసిన తువ్వాలు మధ్యాహ్నానికి కూడా ఆరకపోతే అది ఉక్కపోత రోజు. కాకినాడ, నరసాపురం వంటి తీరపు ఊళ్లలో సముద్రపు గాలి చాలా రోజులు మధ్యాహ్నానికే అందుతుంది. రాజమహేంద్రవరం సముద్రానికి 50 కిలోమీటర్లకు పైగా లోపల ఉన్నందున ఆ గాలి ఇక్కడికి చేరేసరికి సాయంత్రమవుతుంది, పడమటి గాలి బలంగా ఉన్ననాడు అసలు చేరదు. పైరగాలి తిరగని అలాంటి రోజులు వరుసగా నాలుగైదు వస్తే ఊరంతా జాగ్రత్త పడాలి. 2015 మే నెల చివరి వారాల్లో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు ఏయే మండలాల్లో వడగాలులు, ఏయే మండలాల్లో తీవ్ర వడగాలులు ఉంటాయో ముందురోజే జాబితా ఇస్తోంది. ఆ జాబితాలో మీ మండలం పేరు ఉందేమో రాత్రి పడుకోబోయే ముందు చూసుకుని, మర్నాటి పనులను దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

ఇంటి సంగతి

ఈ ఊరు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున మే రెండో వారంలో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలబడిన మనిషి నీడ కాళ్ల కిందే ఉంటుంది. కాబట్టి ఆ నెలలో ఇంటికి ఎక్కువ ఎండ తగిలేది గోడలకు కాదు, పైకప్పుకు. డాబా ఇళ్లలో పగలు తాగిన వేడిని కాంక్రీటు రాత్రంతా కిందికి వదులుతుంది, రాత్రి పది గంటలకు ఫ్యాను వేస్తే వేడిగాలి తలమీద పడడానికి కారణమదే. ఇంటి చల్లదనానికి డబ్బు పెట్టదలచిన వారు మొదటి రూపాయిని డాబా మీద పెట్టాలి.

అందరికీ అందుబాటులో ఉన్న ఉపాయం సున్నం. ఫిబ్రవరి చివర లేదా మార్చిలో డాబాను శుభ్రంగా ఊడ్చి కడిగి, నెర్రెలుంటే ముందు పూడ్పించి, రాత్రంతా నానబెట్టిన సున్నంలో కొద్దిగా జిగురు కలిపి రెండు పూతలు వేయించాలి. మొదటి పూత పూర్తిగా ఆరిన తరువాతే రెండోది వేయాలి. సున్నం కంటిలో పడితే చూపుకు ప్రమాదం కనుక పని చేసేవారికి కళ్లద్దాలు, చేతి తొడుగులు ఇవ్వడం మన బాధ్యత. తొలకరి వానలకు ఈ పూత కొంత కొట్టుకుపోతుంది, ఏటా మళ్లీ వేయించుకోవాలి. ఖర్చు భరించగలిగిన వారికి వేడిని తిప్పికొట్టే తెల్ల రంగులు దొరుకుతాయి, అవి ఎక్కువ కాలం నిలుస్తాయి. మా ఇంటి మేడ మీద సున్నం వేయించిన మొదటి ఏడాది, అంతకుముందు వేసవంతా వరండాలో పడుకున్న మా అమ్మగారు మళ్లీ తన గదిలో నిద్రపోగలిగారు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

రేకుల ఇళ్లలో ఉండేవారి కష్టం వేరు. రేకు క్షణాల్లో కాలుతుంది, దాని కింద మధ్యాహ్నం ముసలివారిని, పసిపిల్లలను ఉంచడం మంచిది కాదు. రేకులకు పైన తెల్ల రంగు వేసి, లోపల జానెడు ఖాళీ వదిలి వెదురు తడికతో గాని చాపలతో గాని కప్పు కడితే చాలా తేడా కనిపిస్తుంది. రేకుల మీద తాటాకు పరచడం పాత అలవాటే అయినా వేసవిలో ఒక్క నిప్పురవ్వ వరుస ఇళ్లను కాల్చగలదు, కాబట్టి పొయ్యిలు దగ్గరగా ఉన్న పేటల్లో ఆ పని చేయవద్దు.

వడగాలి రోజున ఉదయం తొమ్మిది గంటలకల్లా తలుపులు, కిటికీలు, ముఖ్యంగా పడమటివి మూసి, బయటి వైపు తెర గాని తడిక గాని దింపాలి. తెర గదిలో కంటే కిటికీకి బయట ఉంటే మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండ వేడిని ఇక తెర బయటికి పంపలేదు. వట్టివేళ్ల తడికలు తడిపి కట్టడం, కూలరు వాడడం ఆ రోజున చక్కగా పనిచేస్తాయి. పొద్దువాలాక, బయటి గాలి లోపలి గాలి కంటే చల్లబడిందని అనిపించినప్పుడు అన్నీ తెరవాలి. ఉక్కపోత రోజున దీనికి పూర్తిగా వ్యతిరేకం: తూర్పు, దక్షిణపు కిటికీలు తెరిచి, ఎదురు తలుపు కూడా తీసి గాలి ఆడనివ్వాలి, కూలరులో నీళ్లు పోయకుండా ఫ్యానుగా మాత్రమే వాడాలి. ఇంకొక మాట: గది 40 డిగ్రీలు దాటినప్పుడు ఒంటి మీద తడి లేకుండా ఫ్యాను కింద కూర్చోవడం వేడిగాలిని ఒంటికి పట్టించుకోవడమే అవుతుంది. తడిగుడ్డతో చేతులు, మెడ, ముఖం తుడుచుకుంటూ ఉంటే అదే ఫ్యాను మేలు చేస్తుంది.

నీరు, తిండి

గోదావరి వేసవిలో చిక్కిపోతుంది. ఎగువన సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి విడుదలైన నీరు శబరి గుండా వచ్చి చేరడం వల్లనే దాళ్వాకు, అంటే వేసవికి ముందు కోతకొచ్చే రెండో వరి పంటకు, ఊపిరి ఆడుతుంది. దాళ్వా కోతలయ్యాక, సాధారణంగా ఏప్రిల్‌లో, ధవళేశ్వరం ఆనకట్ట కింది కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. నగరవాసికి ఈ సంగతి అంతగా తెలియదు గాని కోనసీమ, పశ్చిమ డెల్టా గ్రామాల్లో అప్పటికే మంచినీటి చెరువు నిండి ఉండకపోతే ఆ రెండు నెలలు గండమే. పల్లెలో పెద్దవాళ్లున్న ప్రతివారూ కాలువలు కట్టే తేదీకి ముందే ఊరి చెరువు నింపారా లేదా అని పంచాయతీని అడగడం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే లాకులు మూశాక అడిగితే జవాబు ఉండదు. తీరం దగ్గరి ఊళ్లలో బోరు నీరు ఉప్పగా మారుతుంది, దానిని తాగునీటిగా నమ్ముకోరాదు. నిలవ నీరు పచ్చబడిన కాలువల్లో పిల్లలను దిగనివ్వరాదు.

నగరంలో కొళాయి నీరు ఆగి మళ్లీ వచ్చినప్పుడు మొదటి బిందెను మొక్కలకు పోయండి. తాగే నీటిని కాచి చల్లార్చి, మూత ఉన్న కూజాలో పోసుకుని, గరిటెతో తీసుకోండి. కూజా చల్లదనం కూడా గాలిని బట్టే ఉంటుంది. పొడిగాలిలో మట్టి గోడల నుంచి నీరు బాగా ఆరి చల్లబడుతుంది, ఉక్కలో అంతగా కాదు.

దాహం వేసే వరకు ఆగకుండా తాగాలి. మజ్జిగలో ఉప్పు వేసుకోవడం, చద్దన్నం, పులిసిన గంజినీళ్లయిన తరవాణి మన పెద్దలు ఊరికే పెట్టిన అలవాట్లు కావు, పోయిన ఉప్పును నీటితో పాటు తిరిగి ఇచ్చే పద్ధతులవి. తాటిముంజలు, కోనసీమ కొబ్బరిబోండాలు ఈ కాలానికి తగినవి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం కొబ్బరినీళ్లు, ఉప్పు ఎంత తీసుకోవాలో వైద్యుణ్ణి అడగాలి. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడేవారు కూడా వేసవికి ముందే ఒకసారి అడగడం మంచిది. ఓఆర్‌ఎస్ పొట్లం లేనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల పంచదార, అర చిన్న చెంచా ఉప్పు కలుపుకోవచ్చు, ఉప్పు కొలత మించరాదు.

సాయంత్రాలు పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్ మెట్ల మీద కూర్చోవడం ఈ ఊరివారికి దక్కిన భాగ్యం. నదిలోకి దిగడం వేరే సంగతి. నీరు తగ్గి ఇసుక తిన్నెలు బయటపడ్డప్పుడు వాటి పక్కనే లోతైన గుంటలుంటాయి, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు వస్తుంది. ఈత వచ్చినవారు కూడా రెయిలింగులున్న ఘాట్లు దాటి వెళ్లకూడదు.

వీధిలో

ఇంట్లో నీడ ఉన్నవారికి పై మాటలు చాలు. గోకవరం బస్టాండు, కోటిపల్లి బస్టాండు, దేవీచౌక్ పరిసరాల్లో తోపుడుబండ్లవారు, హమాలీలు, ఆటోవారు పగలంతా రోడ్డు మీదే ఉంటారు, వారి కోసం వీధివారు చేయగలిగింది చలివేంద్రం. దానిని ప్రారంభించడం తేలిక, రెండు నెలలు నడపడమే కష్టం. రిబ్బను కత్తిరించిన వారం తరువాత ఎండిపోయిన కుండలను చూస్తే నాకు కలిగే బాధ అంతా ఇంతా కాదు. కాబట్టి ముందుగా రోజుకొకరు చొప్పున నీళ్లు పోసే ఇళ్ల పేర్లు రాసుకుని, ఆ తరువాతే పందిరి వేయండి. కొత్త కుండలను తడి ఇసుక మీద పెట్టి, తడిగోనె చుట్టి, మూతలు పెట్టి, నీళ్లు తీయడానికి పొడవాటి పిడి ఉన్న గరిటె ఉంచండి. గ్లాసు కుండలో ముంచే వీలు ఉండకూడదు. రోజూ రాత్రి కుండలు ఖాళీ చేసి కడగాలి. మనుషులు నీళ్లు తాగే చోట పశువులకు కూడా ఒక తొట్టి ఉంచడం మన ఊళ్ల మర్యాద.

మేస్త్రీలు, చిన్న కాంట్రాక్టర్లు, ఇంటి పని చేయించుకునేవారు పనివేళలను ఉదయం ఆరింటి నుంచి పదకొండింటి వరకు, మళ్లీ నాలుగు తరువాత అని మార్చుకోవాలి. కొత్తగా ఎండలో పనికి వచ్చిన మనిషికి మొదటి వారం సగం పనే ఇవ్వాలి, శరీరం ఎండకు అలవాటు పడడానికి కనీసం అంత సమయం పడుతుంది. తల తిరగడం, పిక్కలు పట్టడం, వాంతి వచ్చేలా ఉండడం కనిపిస్తే నీడకు తెచ్చి నీళ్లు తాగించండి. మాట తడబడినా, తెలివి తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ: 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చే వరకు బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరండి, మెడకు, చంకల్లో తడిగుడ్డలు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. జ్వరం మాత్ర ఈ వేడిని దింపదు, దానితో కాలం పోగొట్టుకోకండి.

రాత్రిళ్లు వోల్టేజీ పడిపోయే వీధులు ఏప్రిల్‌లోనే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవాలి. నీటి ట్యాంకరు, బస్టాపు నీడ వంటివాటికి సచివాలయం అని జనం పిలిచే వార్డు కార్యాలయంలో పదిమంది సంతకాలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే ఆ రసీదు పట్టుకుని సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లవచ్చు.

మృగశిర కార్తె వచ్చి తొలకరి పడిన వారంలోనే వీధిలో నీడ పని మొదలుపెట్టాలి. పక్కనే ఉన్న కడియం నర్సరీల్లో నిలువెత్తు వేప, కానుగ మొక్కలు దొరుకుతాయి. పూలమొక్కల అందం చూసి ఈ నీడ మొక్కలను వదలకండి. కరెంటు తీగల కింద కాకుండా ఎండ ఎక్కువ పడే పడమటి వైపు, వార్డు కార్యాలయం అనుమతితో, రెండడుగుల గుంత తవ్వి పశువుల ఎరువు కలిపి నాటి, ముళ్లకంప గాని ఇనుప తడిక గాని కట్టి, ఎవరి ఇంటి ఎదుట నాటితే ఆ ఇంటివారికే మొదటి రెండు వేసవుల నీళ్లు అప్పగించండి.