పాత ట్రాక్టర్ హైడ్రాలిక్ వేడెక్కుతుంటే రిలీఫ్ వాల్వ్ బిగించకండి

ఈ మధ్యే తెలిసినాయన ఒకరి పాత ట్రాక్టర్‌కి హోస్ పైపు పగిలి, కాగిపోతున్న ఆయిల్ ముంజేతి మీదా మెడ మీదా పడింది. ఏం జరిగిందని ఆరా తీస్తే అదే పాత కథ. మధ్యాహ్నం అయ్యేసరికి నాగలిని లేపే లిఫ్ట్ ఎత్తడం లేదని, ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసే రిలీఫ్ వాల్వ్‌లో ఆ హద్దు పెంచడానికి స్ప్రింగ్ కింద వాషర్లు వేయించాడట. దుక్కుల సీజన్ ముంచుకొస్తోంది, చాలామంది ఇప్పుడు షెడ్డులోంచి పాత బండ్లు బయటికి తీస్తారు కాబట్టి ఇది రాస్తున్నాను. ఆయిల్ లెవెల్ చూడండి, ఫిల్టర్ మార్చండి అనేవి అందరికీ తెలిసినవే, వాటితో టైమ్ వేస్ట్ చేయను.

ముందు అసలు సంగతి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు లిఫ్ట్ చక్కగా లేస్తుంది. గంట పని చేశాక వణుకుతూ లేస్తుంది. ఇంకాసేపటికి నాగలి నేల మీద నుంచి కదలదు. చూసినవాళ్లంతా "ప్రెషర్ తగ్గింది, కాస్త పెంచు" అంటారు. తగ్గింది సెట్టింగ్ కాదు. ఆయిల్ వేడెక్కి నీళ్లలా పల్చబడి, అరిగిన పంపు సందుల్లోంచీ సిలిండర్ సీల్ పక్కనుంచీ లోపల్లోపలే జారిపోతోంది. వాల్వ్ బిగిస్తే ఆ సందులు పూడవు. పైగా ఆయిల్ వాల్వ్ మీదుగా పోయిన ప్రతిసారీ అంతకుముందు కన్నా ఎక్కువ వేడి పుడుతుంది, ఇంకా పల్చబడుతుంది, ఇంకా జారుతుంది, మళ్లీ ఇంకో వాషర్ వేస్తారు. చివరికి పంపో హోసో హౌసింగో ఏదో ఒకటి పగులుతుంది.

వేడి ఎక్కడ పుడుతోందో లెక్క కడితే భయమేస్తుంది. పంపు నిమిషానికి 20 లీటర్లు తోస్తూ, అదంతా 150 బార్ ప్రెషర్ దగ్గర రిలీఫ్ వాల్వ్ గుండా ఊరికే తిరిగి ట్యాంకులోకి పోతోందనుకోండి. అది 5 కిలోవాట్లు. అంటే నీళ్లు కాచుకునే వెయ్యి వాట్ల హీటర్లు ఐదు తెచ్చి ఆయిల్‌లో ముంచినట్టు. పని చేయకుండా ప్రెషర్ పోగొట్టుకునే ఆయిల్ అంతా వేడిగానే మారుతుంది, వేరే దారి లేదు. ఆయిల్ 82 డిగ్రీలు దాటిందంటే సీళ్లు గట్టిపడటం, ఆయిల్ చెడిపోవడం జోరందుకుంటాయి.

కాబట్టి వెతకాల్సింది ఊరికే తిరుగుతున్న ఆయిల్ కోసం. దూరం నుంచి చూపించే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి పట్టుకుని పంపు, వాల్వ్, రిటర్న్ పైపు, సిలిండర్ అన్నీ ఒక్కొక్కటే చూడండి. చుట్టూ ఉన్నవాటి కన్నా ఏ ఒక్కటి బాగా వేడిగా ఉందో అక్కడే ఆయిల్ జారుతోంది.

లిఫ్ట్ పూర్తిగా పైకి వెళ్లాక ఇంజిన్ మూలుగుతూనే ఉందా, సన్నగా ఈల వినిపిస్తోందా? అయితే పైకి చేరాక ఆయిల్ కట్ కావడం లేదు, వాల్వ్ తెరుచుకునే ఉంది. లోపలి లింకేజీ అడ్జస్ట్‌మెంట్ పోయి ఉంటుంది. వెనక తగిలించిన పనిముట్టు సిలిండర్‌కి ఆయిల్ పంపే రిమోట్ లివర్ న్యూట్రల్‌కి రాకుండా ఎక్కడో మధ్యలో ఆగినా ఇదే వేడి. లివర్‌ని తాడుతో కట్టేసి పని చేసేవాళ్లకి చెప్పేదేం లేదు, ముందు ఆ తాడు తీసేయండి.

తర్వాత వేరే బండి వాల్వ్ తెచ్చి బిగించడం. పాత ట్రాక్టర్లన్నిటి హైడ్రాలిక్ ఒకలా ఉండదు. జాన్ డీర్ 1960లో తెచ్చిన 3010, 4010 క్లోజ్డ్ సెంటర్, అంటే న్యూట్రల్‌లో వాల్వ్ ఆయిల్ దారి మూసేస్తుంది. మాస్సీ ఫెర్గూసన్ 135లో లిఫ్ట్ పంపుకి కంట్రోల్ వాల్వ్ ఆయిల్ పీల్చే వైపే ఉంటుంది. ఇంకా చాలా బండ్లు ఓపెన్ సెంటర్, అంటే న్యూట్రల్‌లో ఆయిల్ ఆగకుండా తిరుగుతూనే ఉండాలి. అలాంటి దానికి క్లోజ్డ్ సెంటర్ వాల్వ్ బిగిస్తే ఆయిల్‌కి దారి మూసుకుపోయి, ఇంజిన్ తిరిగినంత సేపూ రిలీఫ్ వాల్వ్ మీదే పోతుంది. పాత సామాన్లలో దొరికిందని కొనే ముందు ఇది తేల్చుకోండి.

హోస్‌ని చేత్తో తగిలించే క్విక్ కప్లర్ సగమే దిగినా వేడే. పంపు ఆయిల్ పీల్చే వైపున్న సక్షన్ జాలి మూసుకుపోయి పంపు గులకరాళ్లు నమిలినట్టు శబ్దం చేస్తుంటే వెంటనే ఆపాలి. ఆయిల్ నురగగా ఉంటే గాలి లాగుతోంది, పాలలా ఉంటే నీళ్లు చేరాయి. సక్షన్ వైపు లీకు ఇంజిన్ తిరుగుతుండగా బయటికి కారకపోవచ్చు, లోపలికి గాలి లాగుతుంది, అందుకే తడి లేదని నమ్మకండి. చిక్కటి ఇంజిన్ ఆయిల్ పోస్తే లిఫ్ట్ బాగుపడుతుందనే సలహా వినకండి. గేర్‌బాక్స్‌కీ హైడ్రాలిక్‌కీ ఒకే ఆయిల్ వాడే బండ్లు చాలా ఉన్నాయి, మాన్యువల్‌లో రాసిందే పోయాలి.

ఇవన్నీ చూశాకే ప్రెషర్ గేజి. ఆయిల్ చల్లగా ఉన్నప్పుడొకసారి, వేడెక్కాక ఒకసారి చూడండి, ఒక్కోసారి రెండు మూడు సెకన్లకి మించి పట్టి ఉంచకండి. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా ఉండి వేడిలో పడిపోతే అరిగింది పంపో సీళ్లో. రెండుసార్లూ తక్కువే చూపిస్తే అప్పుడు వాల్వ్‌ని అనుమానించొచ్చు, అది కూడా మాన్యువల్‌లో ఉన్న అంకె దాకానే. గేజి లేకుండా రిలీఫ్ వాల్వ్ ముట్టుకోవద్దు.

ఇక ఇవి వరసగా చదువుకోండి.

లీకు కోసం చేత్తో తడమొద్దు. అట్టముక్క వాడండి. సూదిమొన అంత చిల్లు నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది. పైకి చిన్న గుచ్చులా కనిపిస్తుంది, మొదట్లో పెద్దగా నొప్పి కూడా ఉండదు, అందుకే జనం ఇంటికెళ్లి పడుకుంటారు. పడుకోవద్దు. నేరుగా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి "ప్రెషర్‌లో ఉన్న ఆయిల్ లోపలికి పోయింది" అని ఆ మాటతోనే చెప్పండి. గంటలు ఆలస్యమైతే వేలు పోతుంది, ఒక్కోసారి చెయ్యే పోతుంది.

ఎత్తి ఉన్న నాగలి కిందికి దూరొద్దు. ఒక్క నిమిషమే అయినా సరే. స్టాండ్లు పెట్టండి, ఇటుకలు కాదు.

పైపు విప్పే ముందు పనిముట్టు నేలకి దించండి, ఇంజిన్ ఆపండి, లివర్లు అటూ ఇటూ ఆడించి మిగిలిన ప్రెషర్ వదిలేయండి.

వేడి మీద ఫిల్లర్ మూత తీయొద్దు.

కాగిన పంపు మీద నీళ్లు పోయొద్దు.

సైలెన్సర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తే ఆ రోజుకి పని బంద్. నిప్పంటుకుంటుంది.

"మెకానిక్ చెప్పాడు" అని వాషర్ వేయించుకోవద్దు. గేజి చూపించమనండి.

ఇప్పటికే వేయించి ఉంటే రేపు స్టార్ట్ చేసే ముందే తీయించండి. ప్రెషర్ సరిచూసి, అంత ఒత్తిడి తిన్న పాత హోస్‌లు మార్చాకే బండిని పొలంలోకి దించండి.