బరువు తగ్గాలంటే బత్తాయిని తినండి, తాగకండి
మన నల్లగొండలో బత్తాయికి కొదవ లేదు. అది కొవ్వు కరిగిస్తుందని చాలామంది నమ్ముతారు గానీ, ఏ పండూ ఆ పని చేయదు. లాభం వేరే ఉంది. 100 గ్రాముల తొనల్లో దాదాపు 50 క్యాలరీలే, పైగా నీళ్లూ పీచూ ఉంటాయి కాబట్టి కడుపు నిండుతుంది. సాయంత్రం మిర్చి బజ్జీల మీదికి మనసు పోయే వేళకు ఒక కాయ ఒలుచుకొని తినండి, బజ్జీలకు బదులుగా. తొనల మీది పల్చటి పొర తీసేయొద్దు, పీచు అందులోనే ఎక్కువ.

జ్యూస్ బండి దగ్గర గ్లాసుకు మూడు నాలుగు కాయలు పిండుతారు, పిప్పి పారేస్తారు, పైన చక్కెర! చక్కెర వద్దన్నా పీచు పోయినట్టే. తిండి ఎప్పటిలాగే తింటూ పైనుంచి బత్తాయిలు తింటే బరువు తగ్గరు. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఎన్ని తినొచ్చో డాక్టరును అడగండి.