వాషింగ్ మెషీన్ బట్టలు సరిగ్గా పిండకపోతే ఏం చేయాలి?

పని అయిపోయిందని బీప్ వినిపిస్తుంది. వెళ్లి మూత తీసి చొక్కా పైకి లాగితే మోచేతి దాకా నీళ్లు కారతాయి. మోటారు పోయిందేమోనని టెన్షన్ పడి వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేసేస్తాం. అయితే చాలాసార్లు మోటారుకి ఏమీ కాదు. టబ్‌లో నీళ్లున్నా, బట్టలన్నీ ఒకవైపుకే చేరినా, మూత సరిగ్గా పడకపోయినా మెషీన్ కావాలనే స్పిన్ ఆపేస్తుంది. అది ఎందుకు మొండికేసిందో కనిపెట్టగలిగితే సగం పని అయినట్టే.

1. ముందు సెట్టింగ్ చూడండి

చెబితే నవ్వొస్తుంది కానీ, ఇక్కడే తేలిపోయే కేసులు చాలా ఉంటాయి. ఉన్ని బట్టలకో, పలుచటి బట్టలకో ఉద్దేశించిన ప్రోగ్రామ్‌లో స్పిన్ నెమ్మదిగానే తిరుగుతుంది. ఇంట్లో ఎవరో స్పిన్‌ని సున్నాకి తిప్పి వదిలేసి ఉండొచ్చు. వేగం తేడా చిన్నదేలే అనుకోకండి. బట్టలోంచి నీటిని బయటికి తోసే బలం వేగం వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతుంది. నిమిషానికి 1200 చుట్లు తిరగాల్సిన డ్రమ్ 600 చుట్లే తిరిగితే ఆ బలం సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది.

సెట్టింగ్ సరిగ్గానే ఉంటే బట్టలన్నీ తీసేసి, ఖాళీ మెషీన్‌లో స్పిన్ ఒక్కటే పెట్టి చూడండి. ఖాళీగా జోరుగా తిరిగిందంటే మోటారు, బెల్టు బాగానే ఉన్నట్టు. తప్పు లోడులోనో, నురగలోనో, మెషీన్ నిలబడిన తీరులోనో ఉంటుంది. అప్పుడు నేరుగా 3వ అంచెకి వెళ్లిపోండి.

2. టబ్‌లో నీళ్లు నిలిచి ఉంటే

నీళ్లు పూర్తిగా పోనిదే ఆటోమేటిక్ మెషీన్ స్పిన్ వేగం అందుకోదు. ఎల్‌జీ మెషీన్ డిస్‌ప్లే మీద 'ఓఈ' అని వస్తే ఇదే సంగతి. మిగతా కంపెనీల కోడ్‌లు వేరుగా ఉంటాయి, మాన్యువల్‌లో చూసుకోవాలి.

మొదట వెనక ఉన్న డ్రైన్ పైపు చూడండి. మెషీన్‌ని గోడకి జరిపినప్పుడు పైపు నలిగి మడత పడుతుంది. పైపు చివర ఎంత ఎత్తులో ఉందన్నదీ ముఖ్యమే. ఫ్రంట్ లోడ్ మెషీన్లలో చాలావాటికి అది నేల నుంచి సుమారు 60 నుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. పంపు లేకుండా నీరు దానంతటదే జారిపోయే టాప్ లోడ్‌లకి, సెమీ ఆటోమేటిక్‌లకి మాత్రం పైపు కిందికే ఉండాలి. దాన్ని ఎత్తు గట్టు మీదికి ఎక్కిస్తే నీళ్లు కదలవు.

పైపు బాగుంటే తర్వాతి అనుమానం ఫిల్టర్ మీద. ఫ్రంట్ లోడ్‌లో ముందువైపు అడుగున ఒక మూలన చిన్న తలుపు ఉంటుంది. ప్లగ్ తీసేయండి. వేడినీళ్లతో ఉతికి ఉంటే చల్లారనివ్వండి. కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, పాత తువ్వాలు పరిచి, అప్పుడు మొదలుపెట్టండి. పక్కన సన్నటి రబ్బరు గొట్టం ఉంటే ముందు దాని బిరడా తీసి నీళ్లు వంపేయాలి. లేకపోతే ఫిల్టర్‌ని ఎడమకి కొద్దికొద్దిగా తిప్పుతూ, పళ్లెం నిండగానే మళ్లీ బిగిస్తూ పోవాలి. నేను మొదటిసారి ఈ ఓపిక లేక ఒక్కసారిగా లాగేశాను. ఆ తర్వాత గంటసేపు నేల తుడవడమే సరిపోయింది. అంతా చేస్తే లోపల దొరికినవి ఒక హెయిర్ పిన్ను, రెండు నాణేలు, ముద్దకట్టిన నూలుపోగులు.

ఫిల్టర్ కడిగాక ఆ కన్నంలోకి టార్చ్ వేసి చూడండి. పంపు ఫ్యాను రెక్కలు కనిపిస్తాయి. చిన్న పుల్లతో తిప్పితే అది ఆగి ఆగి, ఎగిరి ఎగిరి తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉండటం వల్ల అలా తిరగడం మామూలే, పాడైందని కంగారు పడొద్దు. దారమో, వెంట్రుకలో చుట్టుకుని అసలు కదలకపోతేనే చిక్కు. వాటిని మెల్లగా లాగేసి, ఫిల్టర్‌ని గట్టిగా బిగించి, మళ్లీ స్పిన్ పెట్టండి.

3. నీళ్లు పోయినా బట్టలు తడిగానే ఉంటే

ఇది ఎక్కువగా బరువు సర్దుబాటు సమస్య. 48 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డ్రమ్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుంటే, ఒక వైపు అంచున అర కిలో ఎక్కువున్నా అది వంద కిలోలకు పైగా బరువు లాగినట్టు డ్రమ్‌ని లాగుతుంది. అందుకే మెషీన్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి బట్టలు పరచడానికి కొన్నిసార్లు ప్రయత్నిస్తుంది. కుదరకపోతే వేగం తగ్గిస్తుంది, లేదా చేతులెత్తేస్తుంది. మిగిలిన నిమిషాలు తగ్గకుండా ఒకే అంకె దగ్గర వేలాడుతుంటే లోపల జరుగుతున్నది ఇదే.

ఎక్కువ బట్టలు వేయడం ఒక తప్పయితే, మరీ తక్కువ వేయడం ఇంకో తప్పు. ఒంటరిగా వేసిన కాలిపట్టా, ఒక్క జీన్స్ ప్యాంటు డ్రమ్‌లో ఒక పక్కకే అంటుకుపోతాయి. తోడుగా రెండు మూడు తువ్వాళ్లు వేస్తే సర్దుకుంటాయి. బొంత కవరులోకి చిన్న బట్టలన్నీ దూరి ముద్దకట్టినా ఇదే గొడవ, కాబట్టి జిప్పు వేసి ఉతకండి. రెయిన్‌కోటు లాంటి నీరు దిగని బట్టల్ని మాత్రం స్పిన్‌లో వేయనే వేయకూడదు. వాటి మడతల్లో నీరు నిలిచి, వేగంలో ఒక్కసారిగా కదిలితే మెషీన్ ఎగిరిపడుతుంది.

అద్దంలోంచి నురగ కనిపిస్తోందా? డిటర్జెంట్ ఎక్కువైంది. నురగ మెత్తటి బ్రేకులా డ్రమ్‌ని పట్టుకుంటుంది, పంపు కూడా దాన్ని లాగలేదు. డిటర్జెంట్ లేకుండా ఒకసారి రిన్స్ పెట్టి మళ్లీ స్పిన్ చేయండి.

4. మెషీన్ ఊగుతోందేమో చూడండి

పైన ఎదురెదురు మూలల మీద చేతులు పెట్టి నొక్కండి. టకటకమని కదిలితే ఏదో ఒక కాలు నేలకి ఆనడం లేదు. ఆ కాలిని తిప్పి కిందికి దించి, నట్టు బిగించాలి. నట్టు వదిలేస్తే నాలుగు ఉతుకులకే మళ్లీ మొదటికొస్తుంది. కొత్తగా తెచ్చిన ఫ్రంట్ లోడ్ అయితే, రవాణాలో డ్రమ్ కదలకుండా వెనక బిగించిన బోల్టులు తీశారో లేదో చూడండి.

5. సెమీ ఆటోమేటిక్ వాళ్లకి

మూత పూర్తిగా పడకపోతే స్పిన్ టబ్ తిరగదు. ఉతికే టబ్‌లో పట్టిన బట్టలన్నీ దీనిలో ఒకేసారి పట్టవు, రెండు విడతలుగా వేయండి. బట్టల్ని కిందికి అదిమి, పైన ప్లాస్టిక్ బిళ్ల పెట్టడం మర్చిపోవద్దు. లేకపోతే ఒక సాక్సు ఎగిరి టబ్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుంటుంది, టబ్ బిగుసుకుపోతుంది. ప్లగ్ తీసి టబ్‌ని చేత్తో తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఏదీ ఇరుక్కోకుండానే, మూత పూర్తిగా వేసినా టబ్ తిరగకపోతే బ్రేకు వదలకపోవడం ఒక కారణం కావొచ్చు.

6. ఇక్కడ ఆగి మెకానిక్‌ని పిలవండి

మోటారు గుయ్యిమంటూ టబ్ కదలకపోతే, మోటారు తిరగడం మొదలవడానికి సాయపడే కెపాసిటర్ బలహీనపడి ఉండొచ్చు. ప్లగ్ తీసేసినా దానిలో కరెంటు నిల్వ ఉంటుంది, షాక్ కొడుతుంది, తెలియకుండా చేయి పెట్టకండి. మోటారు తిరుగుతున్న శబ్దం వస్తూ డ్రమ్ మాత్రం కదలకపోతే బెల్టు జారినట్టో, తెగినట్టో. స్పిన్ వేగం పెరిగే కొద్దీ గరగరమని పెద్ద శబ్దం వస్తే బేరింగ్ పని. ఫోన్ చేసినప్పుడు "తిరగడం లేదు" అని ఊరుకోకుండా నీళ్లు పోతున్నాయా, ఖాళీగా తిరిగిందా, ఎలాంటి శబ్దం వస్తోంది, డిస్‌ప్లే మీద ఏ కోడ్ ఉంది అన్న నాలుగు సంగతులూ మోడల్ పేరుతో సహా చెప్పండి. అప్పుడు అతను రెండోసారి తిరగకుండా కావాల్సిన పార్టు వెంట తెచ్చుకుంటాడు.